శిల్పికొక వీరగల్లు

2021వ సంవత్సరము జూలై 25వ తేదీన పాలంపేట దేవాలయము ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినప్పుడు ఓరుగల్లు సీమయంతయు పండుగ చేసికొన్నది. చేసికొనదగినదే. తెలంగాణములోని కట్టడమొకటి ఆ పట్టిక కెక్కుట అదియే మొదలు. కాని అందు వ్రాయబడిన పేరును మన చదువరులలో ఎందఱు నిదానించి చూచిరో మేమెఱుగము. కాకతీయ రుద్రేశ్వరాలయమని ముందు వ్రాసి, ఆ వెనుక కుండలీకరణములలో రామప్ప యని చేర్చినారు. రుద్రేశ్వరుడనగా రేచర్ల రుద్రుడు తన పేరిట నిలిపిన దేవుడు. కట్టించినవాని పేరు నిండుగా బయట నున్నది. కట్టినవానిదని లోకము చెప్పుకొను పేరు రెండు వంకరగీతల నడుమ ఒదిగి కూర్చున్నది.

ఇది పట్టిక వ్రాసినవారి తప్పని మేమనము. వారు శాసనమును చూచి వ్రాసిరి. 1213వ సంవత్సరపు ఆ శాసనము గణపతిదేవ చక్రవర్తిని, ఆయన సేనాని యగు రేచర్ల రుద్రుని, ఆ రుద్రుడు చేసిన దానములను కీర్తించును. శాసనము లట్లే యుండును. వానిని వ్రాయించువారు దాతలు గదా. హనుమకొండలో 1163లో రుద్రదేవుడు నిలిపిన వేయిస్తంభముల గుడి శాసనమును చూడుడు. ఆ శ్లోకములు కూర్చిన అచింతేంద్రుడను కవి పేరు మనకు దక్కినది. ఆ స్తంభములను అద్దమువలె నునుపు చేసినవారిలో ఒక్కని పేరైనను హనుమకొండలోగాని ఓరుగల్లులోగాని ఎవ్వరి నోటను లేదు. అక్షరము చేతనున్నవాడు తన పేరు తాను నిలుపుకొన్నాడు. ఉలి చేతనున్నవాడు ఇతరుల పేర్లు చెక్కి యింటికి పోయినాడు.

రామప్ప పేరు నిలిచినది వేఱొక దారిని. తాత మనుమనికి చెప్పగా, పసులకాపరి బాటసారికి చెప్పగా అది రామప్పగుడి యయ్యెను; దాని చెంతనున్న మహాతటాకము రామప్పచెఱువయ్యెను. రాజాజ్ఞ లేదు, తామ్రపత్రము లేదు. సేనాపతి పెట్టిన పేరు శిలపై నుండగనే పల్లెజనులు, దానిని చదువలేకయో, చదివియు లెక్కపెట్టకయో, తమకు తోచిన పేరు పెట్టుకొన్నారు. పండితులలో కొందఱకిది రుచింపదు. గర్భగుడిలోని దేవుని రామలింగేశ్వరు డందురు గనుక ఆ పేరే రామప్ప యైనది, శిల్పి యెక్కడివాడని వారందురు. శంకించుట పండితుల వృత్తి, మేము కాదనము. మేమడుగున దొక్కటే. ఎవరో యొకరు ఆ మదనికలను చెక్కిరి గదా? ఆ చెక్కినవారికి ఈ దేశపు జనులు పెట్టుకొన్న పేరు రామప్ప. అది ఒక్కని పేరు కాకున్న నూర్గురి పేరగును. అప్పుడు మన ఋణము నూఱురెట్లు పెరుగునేగాని తఱుగదు.

ఆ గుడిని చూడనివారికొఱకు రెండు మాటలు చెప్పవలెను. గోడలు ఎఱ్ఱని ఇసుకరాయి; మండపపు స్తంభములు, చూరుక్రింది బొమ్మలు ఇనుమువంటి నల్లరాయి. ఇసుకరాయి ఉలికి లొంగును. నల్లరాయి లొంగదు సరిగదా, ఉలి మొనయే వంగిపోవును. దినమునకెన్నిమాఱులో కొలిమికి పంపి సానపట్టి తేవలసియుండును. ఆ లొంగని రాతినే యేరుకొని మన శిల్పి తన సూక్ష్మమైన పనియంతయు దానియందు చేసినాడు. సూదిమొన దూఱునంత సందులు విడిచి అల్లికలు చెక్కినాడు. చూరుక్రింద పన్నిద్దఱు మదనికలు నిలిచియున్నారు. అందొకతె కాళ్లకు ఎత్తుమడమల పాదరక్షలున్నవని నేటి పడుచులు నవ్వుకొనుచు చూచిపోవుదురు. ఇంత బరువు నల్లరాతిపై మోపి, విమానమునకు మాత్రము నీటిపై తేలునంతటి తేలిక యిటుకలు వాడినారు. పునాదిలో ఇసుక నింపినారు. ఇటుక కాల్చినవా డెవడో, ఇసుక మోసిన యాడువా రెవరో! గులాం యజ్దానీగారు 1922లో ఈ పాలంపేట గుళ్లను గూర్చి గ్రంథము ప్రకటించి విద్వల్లోకము దృష్టి నిటు త్రిప్పిరి. నటరాజ రామకృష్ణగారు ఈ శిలాభంగిమలను జాయపసేనాని నృత్తరత్నావళితో సరిచూచుకొని పేరిణి తాండవమునకు మరల ప్రాణము పోసిరి. 13వ శతాబ్దిలో రాతిలో దాచిన యడుగులు 20వ శతాబ్దిలో మనుష్యుల కాళ్లలోనికి దిగివచ్చినవి. ఇంతపని చేసినవానికి మనమేమి యిచ్చితిమి?

పొరుగు కన్నడసీమవారిని చూచియైనను నేర్చుకొనవలసినది. పట్టదకల్లున చాళుక్యరాణి లోకమహాదేవి 8వ శతాబ్దిలో కట్టించిన గుడిపై గుండ అనివారితాచారి యను స్థపతి పేరును, అతనికి దొరికిన త్రిభువనాచారి బిరుదమును చెక్కియున్నారు. హోయ్సల శిల్పులు బేలూరులోను సోమనాథపురములోను తాము చెక్కిన బొమ్మల పీఠములమీద తమ పేర్లు వ్రాసికొన్నారు. దాసోజుడు, చావణుడు, మల్లితమ్ముడు నేటికిని పిలిచిన పలుకుదు రనునట్లున్నారు. ఇందు మల్లితమ్ముడు మన పాలంపేట గుడికాలపు శతాబ్దివాడే. జక్కణాచారి యనువా డుండెనా లేదా యని అక్కడి చరిత్రకారులును శంకించుచునే యున్నారు. శంక శంకగానే యుండగా అతని పేరిట శిల్పులకు పురస్కార మిచ్చుట మాత్రము కర్ణాటక ప్రభుత్వము మానలేదు. మనమును తీసిపోలేదు లెండి! అతని కథనే 1964లో అమరశిల్పి జక్కన యని చలనచిత్రముగ తీసి చూచి కన్నీరు కార్చితిమి. పొరుగింటి శిల్పికి కన్నీరు, మనయింటి శిల్పికి కుండలీకరణము.

శిల్పిని స్మరించుట యెట్లుండవలెనో తెలుపు కథ యొకటి దూరదేశమున జరిగినది. అది రాజుల కథ కాదు, నడివీథిలో చచ్చిన బీదవాని కథ. గుడులకును దానికిని సంబంధము లేదు. అయినను మన ప్రసంగమునకు అంతకన్న తగినది మాకు దొరకలేదు.

అమెరికా పడమటితీరమున సియాటిల్ నగరమున్నది. మన తెలుగు పిల్లలెందఱో అక్కడ కొలువులలో నున్నారు గనుక పేరు క్రొత్త కాదు. ఆ తీరమునను, దానికుత్తరమున కెనడా తీరమునను ఉండు ఆదివాసులు ఎఱ్ఱదేవదారు మ్రాకులను నిలువునా పక్షులుగను జంతువులుగను చెక్కి, తమ వంశకథలకును చనిపోయిన పెద్దల జ్ఞాపకమునకును గుర్తుగా నిలుపుదురు. వానిని టోటెం స్తంభము లందురు. అవి వారికి పురాణమును, శాసనమును, వీరగల్లును గూడ. జాన్ టి. విలియమ్స్ అను నతడు వాంకూవర్ ద్వీపపు డిటిడాట్ తెగవాడు. తండ్రితాతలనాటినుండి వారిది చెక్కుడుపనియే. సియాటిల్ వీథులలో చిన్నచిన్న స్తంభములు చెక్కి అమ్ముకొని అతడు బ్రతికెను. ఒక చెవి వినబడదు. 2010 ఆగస్టు 30వ తేదీన కొయ్యముక్కయు మడతకత్తియు చేతబట్టుకొని వీథి దాటుచుండగా, పోలీసు యువకుడొకడు బండి దిగి, కత్తి పడవేయుమని వెనుకనుండి అఱచి, నాలుగైదు సెకండ్లలోనే కాల్చి చంపెను. అతని వయస్సు 50 ఏండ్లు. పనివాని పనిముట్టు పోలీసువాని కంటికి ఆయుధముగ కనబడినది.

ఆ కాల్పు న్యాయము కాదని పోలీసుశాఖవారి విచారణసంఘమే తేల్చినది. కాల్చిన యుద్యోగి రాజీనామా నిచ్చిపోయెను. అతనిపై నేరారోపణము మాత్రము జరుగలేదు. ఊరు అట్టుడికినట్లుడికెను. అప్పుడు చనిపోయినవాని అన్న రిక్ విలియమ్స్ చేసిన పని చూడుడు. అతడును చెక్కుడుపనివాడే. 34 అడుగుల దేవదారు మ్రాకును సముద్రపు రేవుకడ, అందఱును వచ్చిపోవు తావున దొర్లించి, తమ్మునికొఱకు స్తంభము చెక్క మొదలిడెను. దారినిపోవువారు ఆగి చూచిరి. చూచువారిలో కొందఱు పని నందుకొనిరి. 2012 ఫిబ్రవరి 26వ తేదీన ఆ స్తంభమును జనులు తమ భుజములమీద మోసికొని నగరవీథుల నడచి, సియాటిల్ సెంటర్ అను బహిరంగస్థలమున నిలిపిరి. యంత్రములు లేకకాదు, భుజములతో మోయుటయే అక్కడి మర్యాద. ఈలోపల అమెరికా న్యాయశాఖవారు ఆ నగరపు పోలీసుల నడవడిని 2011లో విచారించి, మితిమీఱిన బలప్రయోగము అక్కడ పరిపాటి యైనదని ప్రకటించిరి. 2012లో నగరము న్యాయస్థానపు పర్యవేక్షణమునకు తలయొగ్గెను.

ఈ కథకొక పూర్వకథ కలదు. అది చెప్పకున్న దీని విలువ తెలియదు. ఇదే సియాటిల్ నగరపు పెద్దమనుష్యులు కొందఱు 1899లో ఓడనెక్కి అలాస్కాకు విహారయాత్ర పోయిరి. టాంగస్ అను గ్రామమున ట్లింగిట్ తెగవారి స్తంభములు కంటబడెను. ఊరివారు పనులమీద పోయిన సమయమున నొకదానిని నఱికి ఓడ కెక్కించుకొని వచ్చి, తమ నగరము నడిబొడ్డున అలంకారముగ నిలుపుకొనిరి. అది నీటమునిగి చనిపోయిన యొక స్త్రీ జ్ఞాపకార్థము ఆమె వంశమువారు నిలిపినది! వారికి స్తంభము కావలసివచ్చినది, స్తంభమువారు అక్కఱలేకపోయిరి. ఆ కాలముననే కెనడాలో, అట్టి స్తంభములను నిలుపు సందర్భమున తెగలవారు చేసికొను పాట్లాచ్ అను విందుపండుగ చట్టముచే నిషిద్ధమై యుండెను. 1885లో మొదలైన ఆ నిషేధము 1951లోగాని తొలగలేదు. కొల్లగొట్టిన స్తంభముతో సింగారించుకొన్న ఊరిలోనే 113 ఏండ్లకు చెక్కినవాని స్తంభము జనుల భుజముల కెక్కినది.

ఈ రెండు స్తంభముల నడుమనున్న దూరమునే మేము ఓరుగల్లు పౌరుల కన్నులయెదుట నుంచుచున్నాము. పనిని ప్రేమించుట వేఱు, పనివాని నెఱుగుట వేఱు. ఓరుగల్లు కోటలోని కీర్తితోరణము 2014లో తెలంగాణ రాజముద్ర కెక్కినది. కాగితములమీద తోరణము, సభావేదికల వెనుక తోరణము, ఊరి మొగదల సిమెంటు తోరణము, పెండ్లిపందిటి ముంగిట అట్టతోరణము. తోరణమునకు కొఱత లేదు. తోరణము చెక్కు చేతికే కొఱత.

స్తంభమెత్తుట మనకు పరదేశపు ఆచారమును కాదు. మన పల్లెల పొలిమేరలలోను చెఱువుకట్టలమీదను వీరగల్లు లిప్పటికిని కానవచ్చును. పసులమందను దొంగలు తోలుకొనిపోవగా అడ్డుపడి చచ్చినవానికి, పులితో పెనగి చచ్చినవానికి ఊరు రాయి నిలుపుచుండెను. మేడారమును చూడుడు. కాకతీయుల సేనతో పోరి పోయినదని కోయలు చెప్పుకొను సమ్మక్కకును, ఆమె బిడ్డ సారలమ్మకును విగ్రహములు లేవు. గద్దెమీద వెదురుకఱ్ఱ యున్నది. చిలకలగుట్టనుండి కుంకుమభరిణె వచ్చును. రెండేండ్లకొకమాఱు మాఘపున్నమవేళ లక్షలకొలది జనము ఆ గద్దెయెదుట బెల్లము కుప్పలు పోయుదురు. గెలిచినవారి కోట శిథిలమై సందర్శకులకు టిక్కెట్టు పెట్టి చూపబడుచున్నది. ఓడినవారి కఱ్ఱయెదుట దేశము మ్రొక్కుచున్నది. ముఖ మెఱుగనివారిని తలచుకొనుట యెట్లో మనకు చెప్పుటకు సియాటిల్ దాక పోనక్కఱలేదు, ములుగు అడవిదాక పోయిన చాలును.

కనుక మేము కోరునది రామప్ప విగ్రహము కాదు. ఆ ముఖమును చూచినవా రెవరు? మీసము పెట్టి, మెడను హారము వేసి, చేత ఉలి యిచ్చి, బంగారురంగు పూసి కూడలిలో నిలిపినయెడల ఆ బొమ్మను చూచి రామప్పయే తలవంచుకొని పోవును. రాతిస్తంభ మొకటి చాలును. దాని నెవరు చెక్కవలెను, దానిపై ఎవరి పేర్లుండవలెనన్నదే ముఖ్యము.

పేర్ల సంగతిలో మనకొక యనుభవము గలదు. యాదాద్రి ఆలయపు రాతిస్తంభములపై 2019 సెప్టెంబరులో నాటి ముఖ్యమంత్రి రూపమును, ఆయన పార్టీగుర్తగు కారును కానవచ్చి దేశమంతట గగ్గోలు పుట్టెను. శిల్పులు తమ యిచ్ఛచొప్పున చెక్కిరని అధికారులు సమాధానము చెప్పి, పిదప వానిని తీసివేయించిరి. నిజమే కావచ్చును. అంతటి యిచ్ఛ శిల్పికి చెల్లుచుండినయెడల అతడు మొట్టమొదట చెక్కుకొనవలసినది తన పేరు గదా యని మా సందేహము. నింద వచ్చినప్పుడు పని శిల్పిది, కీర్తి వచ్చినప్పుడు పని పోషకునిది. ఈ లెక్క రేచర్ల రుద్రుని నాటిది, మాఱలేదు. మేము రుద్రుని తక్కువచేయుటలేదు. అతడు ధాన్యమిచ్చి ధనమిచ్చి పోషింపకున్న ఆ గుడి లేదు. అతనికి శాసనమున్నది, దేవుని పేరున్నది, పట్టికలో మొదటి చోటున్నది. ఇంక అతనికి మనము చేయవలసినది లేదు.

చేతుల మాట కొంచెము కఠినముగనే చెప్పవలసియున్నది. యాదాద్రిలో నల్లరాతిని చెక్కి 2022 మార్చి 28న తలుపులు తెఱచునట్లు చేసినవారు వందలకొలది శిల్పులు. అందు ఆళ్లగడ్డవారును తమిళనాటివారును ముఖ్యులు. వారియెడ మాకు గౌరవమేగాని అసూయ లేదు. ఆళ్లగడ్డ తెలుగుగడ్డయే. కాని నల్లరాతిపనికి లోకప్రసిద్ధమైన సీమకు కూతవేటు దూరమున నల్లరాతి గుడి కట్టవలసివచ్చినప్పుడు మనము పొరుగూళ్లకు కబురు పంపవలసివచ్చినది గదా! ముచ్చింతలలో 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కృతమైన 216 అడుగుల రామానుజమూర్తిని చీనాలో పోతపోయించి తెచ్చినారు. మఱియొకప్రక్క కరీంనగరపు గుట్టల గ్రానైటును బండలుగనే కోసి ఏండ్లతరబడి ఆ చీనాకే ఓడల కెత్తినారు. రాయి అటుపోవును, విగ్రహము ఇటువచ్చును. నడుమ మన శిల్పి రేవుగట్టున నిలిచి చూచుచుండవలెను కాబోలు.

మనయూళ్లలో శిల్పి లేడని కాదు. ఉన్నవాడు రోలునకు కక్కు కొట్టుటతోను, సమాధిరాళ్లమీద పేర్లు చెక్కుటతోను కాలము పుచ్చుచున్నాడు. ఇప్పుడు రోళ్లును పోయినవి. అక్షరములు చెక్కుటకు యంత్రములు వచ్చినవి. రాతిదుమ్ము ఊపిరితిత్తులలో పేరుకొని వచ్చు సిలికోసిస్ అను వ్యాధి యొకటి యున్నది, అది నయముకాదు. తండ్రి దగ్గును విన్న కొడుకు ఉలి పట్టడు. 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వమువారు విశ్వకర్మ యోజన ప్రారంభించి, 18 చేతివృత్తులలో రాతిశిల్పమును గూడ చేర్చి, పనిముట్లకు 15,000 రూపాయలును, తక్కువ వడ్డీకి రెండు విడతలుగా 3 లక్షలవఱకు అప్పును ఏర్పాటు చేసిరి. మంచిదే. కాని అప్పు వేఱు, పని వేఱు. పని లేనివానికి అప్పు దొరకుట యెంతటి మేలో మన నేతపనివారి నడిగిన చెప్పుదురు.

స్తంభమునకు ధనము వెచ్చించుటకన్న ఆ ధనమును బ్రతికియున్న శిల్పుల కీయరాదా యని కొందఱడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. దానికి మా యుత్తర మిది: స్తంభమెత్తుట యనగా పని యిచ్చుటయే. కొలతకు తగిన నల్లరాయి నొకదానిని తెప్పించి, ఊరినడుమ పందిరి వేసి, ఇద్దఱు ముగ్గురు పెద్దశిల్పులను, వారిక్రింద పదిమంది పడుచువాండ్రను నియమించి, రెండేండ్లో మూడేండ్లో నెలజీత మిచ్చి చెక్కింపవలెను. నోటికి ముసుగు, రాతిపై నీటిచుక్క, దుమ్ము పీల్చు యంత్రము మొదటి దినమునుండియే యుండవలెను. బడిపిల్లలు వచ్చి చూడవలెను. సియాటిల్ రేవుకడ నడచిన పని యదియే. స్తంభము నిలిచినదానికన్న అది పదుగురి కన్నులయెదుట రూపొందుటయే ఆ నగరమునకు ఎక్కువ మేలుచేసినదని మా యూహ. తిరుపతిలో దేవస్థానమువారి శిల్పవిద్యాలయమున్నది. అక్కడ చదివినవారిని పిలువవచ్చును. జనగామ చెంతనున్న పెంబర్తి యిత్తడిపనివారిని పిలిచి పీఠమునకు రేకు తొడిగింపవచ్చును. ఆ యూరి పనికి 2010లో భౌగోళికగుర్తింపు దొరికినది గాని గిరాకి దానివెంట రాలేదు.

స్థలము సంగతి. రామప్ప ఆవరణలోనో వేయిస్తంభముల గుడిముంగిటనో పెట్టుదమని ఉత్సాహపరులు తొందరపడుదురు. అది కూడదు. రక్షిత కట్టడములకు 100 మీటర్లలోపల క్రొత్తకట్టడము నిషిద్ధమనియు, ఆపైన మఱి 200 మీటర్లు అనుమతి కావలెననియు 2010లో సవరింపబడిన చట్టము చెప్పుచున్నది. ఆ చట్టము మంచిది, రామప్ప పనినే కాపాడుచున్నది. భద్రకాళి చెఱువుగట్టున, నిషేధపు హద్దులకు వెలుపల, సాయంకాలము జనులు నడచు త్రోవప్రక్కన తావు చూడవచ్చును. హనుమకొండలో కాళోజీగారి పేరిట కళాక్షేత్రము 2024లో తెఱవబడినది. అందుకు మాకంటె సంతోషించినవారు లేరు. మాటలవానికి మందిరము గల యూరిలో ఉలివానికొక రాయి యుండుట అధికమని ఎవ్వరు నందురని మేమనుకొనము.

ధనము ప్రభుత్వము నడుగవలదని మా దృఢాభిప్రాయము. అడిగిన నిత్తురు; ఇచ్చిన పిదప శంకుస్థాపనరాయి యొకటి, ఆవిష్కరణరాయి యొకటి వచ్చును, వానిపై పదునైదు పేర్లుండును, అందు శిల్పి పేరుండదు. హనుమకొండ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904లో పుట్టినప్పుడు సర్కారు కానుకకొఱకు కాచుకొని కూర్చుండలేదు; తెలుగు చదువుకొనవలెనను తపనగల పౌరులే దానిని నిలిపిరి. ఇంటికి పది రూపాయలు చాలును. పదివేలిచ్చువానిని వలదనరాదు గాని వాని పేరు చెక్కరాదు. దాతల పట్టికను కాగితముమీద వ్రాసి గ్రంథాలయమున భద్రపఱుపవచ్చును. రాతిమీద మాత్రము శిల్పుల పేర్లే యుండవలెను: పైన రామప్ప పేరొకటి, కుండలీకరణములు లేకుండ, దాని క్రింద ఆ స్తంభమును చెక్కినవారి పేర్లు, రాయి మోసినవారివి, ఉలులు సానపట్టిన కమ్మరివి, ఆ క్రింద ఈ సీమలో చెక్కి చెక్కి గతించినవారివి. క్రిందిభాగమున మూరెడు మేర ఖాళీ విడిచిపెట్టవలెను.

ఆ గతించినవారి పేర్లు ఏ శాసనమునను దొరకవు గనుక చదువరులే సేకరింపవలసియున్నది. మీ యూరి గుడి ధ్వజస్తంభపు పీఠము నెవరు చెక్కిరో, పోతురాజురాతి నెవరు నిలిపిరో, మీ యింటి తిరుగలికి కక్కు కొట్టిన ముసలివాని పేరేమో పెద్దల నడిగి, ఊరిపేరుతోను వారు చేసిన పనితోను ఒక కాగితముమీద వ్రాసి, మీ పఠనమందిరమున నొక ప్రతి యుంచి, వేఱొక ప్రతిని మాకు పంపుడు. అచ్చుతప్పులు రాకుండ ఇంటిపేరును విడివిడిగ వ్రాయవలెను. ఒకమాఱు రాతి కెక్కినపిదప దిద్దుట కష్టము.